అయిదు కోళ్ళకో సంబంధం

మా వంటగది బల్ల,
జూన్ 3, సోమవారం.

ఈ రోజు పనులు: వంట రెండు పూటలు. బట్టలు ఒక విడత. దుప్పట్లు నాలుగు. డబ్బాలు కడిగి ఎండబెట్టడం, పదకొండు. నీళ్ళ ట్యాంకు, సగం. మా ఆయన కళ్ళజోడు వెతకడం, మూడుసార్లు. మిగిలిన పని: ఈ ఉత్తరం.

గౌరవనీయులైన వదినగారికి,

నమస్కారాలు. మేమంతా క్షేమం. మీ అమ్మాయి క్షేమం. పెళ్ళయిన ఈ ఎనిమిది నెలల్లో మనిద్దరం ఫోనులో పద్నాలుగుసార్లు మాట్లాడుకున్నాం. పద్నాలుగుసార్లూ మా ఆయన మధ్యలో ఫోను లాక్కుని మీ వైపు వర్షాలు ఎలా ఉన్నాయని అడిగారు. విషయం ముఖ్యమైనది కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

నేను కోళ్ళు పెంచాలనుకుంటున్నాను.

కారణం చెప్పాలి. మొన్న శుక్రవారం ఉదయం మీ అమ్మాయి కూరగాయలు తరిగి, తొక్కలన్నీ దోసిట్లో పట్టుకుని పెరటి తలుపు తీసుకుని వెళ్ళింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. పెరట్లో తీగ మీద మా ఆయన బనియన్లు తప్ప ఎవరూ లేరు. కాసేపు వాటినే చూసి, వెనక్కి వచ్చి తొక్కలు చెత్తబుట్టలో వేసింది. “ఏమ్మా?” అన్నాను. “ఏం లేదత్తయ్యా, అలవాటు” అంది.

కోడలు అలిగితే బతిమాలడం నాకు తెలుసు. ఏడిస్తే ఊరుకోబెట్టడం తెలుసు. తొక్కలు పట్టుకుని నిలబడితే ఏం చెయ్యాలో తెలియలేదు. మూడు రోజులు ఆలోచించాక కోళ్ళని తేలింది.

నాకు అనుభవం లేదు. మీకు ముప్పై ఏళ్ళ అనుభవం. ఇందుతో ఆరు పేజీల ప్రణాళిక జతచేశాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దగలరు. ఈ సంగతి అమ్మాయికి ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
మీ వియ్యంకురాలు.

*

కుట్టుమిషను దగ్గర,
జూన్ 9.

వదినగారికి,

ఎర్ర సిరా లేదు, ఎర్ర దారం ఉంది. తప్పులున్న చోటల్లా మిషను మీద ఒక కుట్టు వేశాను. ఆరు పేజీలూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. జాగ్రత్తగా విప్పుకుని చదువుకోండి.

రెండో పేజీ. కోళ్ళకు పరుపులు అక్కర్లేదు. అవి కర్ర మీద కూర్చుని నిద్రపోతాయి. మీరు తలగడల కొలతలు కూడా రాశారు. దూది మిగుల్చుకోండి.

నాలుగో పేజీ. ఆదివారం గోరువెచ్చని నీళ్ళతో స్నానం, చిన్న తువ్వాళ్ళు అయిదు, ఎండలో ఆరబెట్టడం ఇరవై నిమిషాలు. ఇది చదువుతూ చొక్కా కుడుతున్నాను. నవ్వు ఆగక ఆ చొక్కా చెయ్యి చివర కుట్టేశాను. ఇప్పుడది సంచి. వదినగారూ, కోళ్ళు మట్టిలో స్నానం చేస్తాయి. పొడిమట్టిలో పడి పొర్లితే ఒంటి మీద పురుగులు పోతాయి. మీరు మట్టి ఇవ్వండి చాలు, వీపు అవే రుద్దుకుంటాయి.

అయిదో పేజీ. పెరట్లో రాళ్ళన్నీ ఏరించేస్తానన్నారు. ఏరించొద్దు. కోళ్ళకు పళ్ళు లేవు. చిన్న చిన్న రాళ్ళు మింగితేనే తిన్నది లోపల నలుగుతుంది.

ఇక అసలు సంగతి. ఇది మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు, మీరూ చెప్పకండి, నేనే చెబుతాను. మా ఇంటి యజమాని ఇల్లు అమ్మేశాడు. జులై ముప్పై ఒకటికి ఖాళీ చెయ్యాలి. నాకు మిషను పెట్టుకోడానికి సరిపోయే ఇల్లు ఒకటి దొరికింది, మూడో అంతస్తులో. అక్కడికి కుండీ తప్ప ఇంకేదీ రానివ్వరట. నా దగ్గర అయిదు కోళ్ళున్నాయి. వీధి చివర చికెన్ కొట్టతనికి ఎలా తెలిసిందో, రోజూ వచ్చి మంచినీళ్ళు అడుగుతున్నాడు. తాగుతూ వాటికేసి చూస్తాడు. ఆ చూపుతోనే తూకం వేసేస్తాడు. నిన్న గ్లాసు తిరిగిస్తూ “ముప్పై ఒకటో తారీఖు పొద్దున్నే వస్తానమ్మా, మీకు శ్రమ ఉండదు” అన్నాడు.

మీ ఉత్తరం చూశాక ఊపిరొచ్చింది. అయిదూ మీకే ఇస్తాను. కానీ ఊరికే ఇవ్వను. ఇరవై ఒక్క ప్రశ్నలు జతచేశాను. అన్నిటికీ జవాబులు రాయండి.

అమ్మాయిని ఇచ్చేటప్పుడు మూడే ప్రశ్నలు అడిగానని మీరు అనుకుంటారు. నిజమే. అమ్మాయి దగ్గర ఫోనుంది. మీరు సరిగా చూడకపోతే చెప్పుకుంటుంది. కోళ్ళకు ఆ వీలు లేదు.

ఉంటాను,
వదిన.

*

మా వంటగది బల్ల,
జూన్ 15.

గౌరవనీయులైన వదినగారికి,

ఇల్లు సంగతి చదివి చాలా బాధపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. కుట్లు విప్పడానికి ఒక గంటా పది నిమిషాలు పట్టింది. పరుపులు రద్దు. తువ్వాళ్ళు రద్దు. రాళ్ళు అప్పటికే ఏరించి వీధి చివర పోయించేశాను. నిన్న మా ఆయన్ని బకెట్టుతో పంపి తిరిగి తెప్పించాను. వీధిలో ఇద్దరు ఆపి అడిగారట. “మా ఇంటివే” అని చెప్పారట.

మీ ప్రశ్నలకు పూర్తి జవాబులు వేరే కాగితాల మీద ఉన్నాయి. ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

3. చుట్టుపక్కల పిల్లులు ఎన్ని? నాలుగు. వారం రోజులు గమనించి వేళలు రాసుకున్నాను. గోధుమరంగుది పదకొండు ఇరవైకి వచ్చి మా గోడ మీద ఒంటిగంట దాకా పడుకుంటుంది. మిగతా మూడింటికి క్రమశిక్షణ లేదు.

7. వల సందుల్లో ఎలుక దూరుతుందా? పరీక్షించాం. మా ఆయన చిటికెనవేలు దూరలేదు. నాది గోరు దాకా దూరింది. వల మార్పించాను.

11. కోడి అరుపంటే ఇంట్లో ఎవరికైనా చిరాకా? మా ఆయనకు. అయితే ఆయన గురక గురించి కోళ్ళే ఫిర్యాదు చేసే అవకాశం ఎక్కువ.

14. కోడిని ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? అవును.

19. చీకటి పడేముందు గూటి తలుపు ఎవరు వేస్తారు? నేను. నేను లేకపోతే అమ్మాయి. అమ్మాయి లేకపోతే అబ్బాయి. అబ్బాయీ లేకపోతే, నేను ఎక్కడికి వెళ్ళినా తిరిగి వచ్చేస్తాను. మా ఆయన పేరు జాబితాలో లేదు. కారణాలు రెండో కాగితంలో ఉన్నాయి.

వడ్రంగి బుధవారం వస్తాడు. గూడు అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. దాని ముందు వల కట్టిన ఆవరణ. గుడ్లు పెట్టే పెట్టెలు రెండు చాలన్నారు కదా, రెండే. ఇక నాది ఒకే ప్రశ్న. అయిదూ గుడ్లు పెడతాయా?

ఇట్లు,
మీ వియ్యంకురాలు.

*

కుట్టుమిషను దగ్గర,
జూన్ 22.

వదినగారికి,

పెడతాయి.

మీ జవాబులు మూడుసార్లు చదివాను. పిల్లుల వేళలు చదువుతుంటే మీ గోడ మీద నేనే పడుకున్నట్టు ఉంది. ఇంటి సంగతి అమ్మాయికి ఫోనులో చెప్పేశాను. కాస్త ఏడ్చింది. కోళ్ళు మీ ఇంటికేనని చెప్పగానే ఏడుపాపి, “అత్తయ్య పిల్లుల వెంట ఎందుకు తిరుగుతున్నారో ఇప్పుడర్థమైంది” అంది.

సంబంధం దాదాపు ఖాయం. పేర్లు రాసుకోండి. గంగాళం: లావుగా ఉంటుంది, తిండి దగ్గర తప్ప పరుగెత్తదు. గొణుగుడు: పొద్దస్తమానం ఎవరి మీదో ఒకరి మీద చెప్పుకుంటూ ఉంటుంది, పట్టించుకోకండి. నిద్రమొహం. తోకపిల్ల. అయిదోది ఇన్‌స్పెక్టరమ్మ. వచ్చాక మీకే తెలుస్తుంది.

చికెన్ కొట్టతను ఇప్పుడు రోజుకు రెండుసార్లు మంచినీళ్ళు తాగుతున్నాడు. త్వరగా గూడు కట్టించండి.

ఒక్క మాట. ఇరవై ప్రశ్నలకు పేరాలు పేరాలు రాశారు. పద్నాలుగోదానికి “అవును” అని ఒక్క ముక్క రాశారేం?

వదిన.

*

మా వంటగది బల్ల,
జులై 4.

గౌరవనీయులైన వదినగారికి,

కాగితంలో చోటు తక్కువై అలా రాశాను.

గూడు పూర్తయింది. రంగు ఆరింది. ఒకటో తారీఖు నుంచి సాధన మొదలుపెట్టాం. అంటే, కోళ్ళు ఉన్నాయనుకుని అన్నీ వేళకు చెయ్యడం. ఆరింటికి తలుపు తీయడం, నీళ్ళు మార్చడం, దాణా కొలిచి పోయడం, ఊడవడం, సాయంత్రం లెక్క చూసుకుని తాళం వేయడం. మూడు రోజులు నడిచింది. దాణా పిచ్చుకలు తిన్నాయి. వాటి సంఖ్య వేరే రాశాను.

నిన్న చిన్న పొరపాటు జరిగింది. మీకు వేరే దారిలో తెలిసేలోపు నేనే చెప్పడం మంచిది.

కర్ర గట్టిగా ఉందో లేదో చూడమని మా ఆయన్ని గూట్లోకి పంపాను. వంగి, పాకి, లోపలికి వెళ్ళారు. “గట్టిగానే ఉందోయ్” అన్నారు. అప్పుడు ఆరయింది. నా పట్టికలో సాయంత్రం ఆరింటికి “లోపల ఉన్నవి లెక్కపెట్టి, తాళం వేసి, రాయాలి” అని ఉంది. తొంగి చూశాను. లోపల ఒకటి ఉంది. తాళం వేశాను. “ఒకటి” అని రాసి టిక్కు పెట్టి, వడ్రంగి టేపు తిరిగివ్వడానికి రెండు వీధుల అవతలికి వెళ్ళిపోయాను.

వదినగారూ, నేను అబద్ధం చెప్పను. దారిలో లెక్క సరిపోయిందని తృప్తిగా కూడా అనిపించింది.

నలభై నిమిషాల తర్వాత తిరిగి వచ్చేసరికి పక్కింటి రిటైర్డు మేష్టారు గోడ మీద మోచేతులు పెట్టుకుని మా ఆయనతో మాట్లాడుతున్నారు.

“ఎన్నాళ్ళుగా లోపల?”
“ఇప్పుడేనండీ. రిహార్సలు.”
“తిండీ అదీ?”
“దాణా ఉంది.”
“మరి అమ్మగారు?”
“ఆవిడే తాళం వేసింది.”
మేష్టారు “ముప్పై నాలుగేళ్ళ కాపురం తర్వాత అన్నమాట” అన్నారట.

తాళం తీశాను. ఆయన పాకుకుంటూ బయటికొచ్చి తిన్నగా ఇంట్లోకి వెళ్ళిపోయారు. రాత్రి భోజనంలో మాత్రం, గూట్లో గాలి బాగా ఆడుతోందని, ఎడమ మూల కాస్త ఇరుకని చెప్పారు. ఆ మూల సరిచేయించాను. దీన్నిబట్టి గడియ గట్టిదని మీరు నమ్మవచ్చు. మనిషే బయటికి రాలేకపోయాడు, పిల్లి లోపలికి రాలేదు.

ఇట్లు,
మీ వియ్యంకురాలు.

*

కుట్టుమిషను దగ్గర,
జులై 10.

వదినగారికి,

అన్నయ్యగారికి నా నమస్కారాలు, జోహార్లు.

నవ్వడం అయిపోయింది. ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. అమ్మాయి నిన్న ఫోను చేసి గుసగుసగా చెప్పింది. మీరు రెండు కిలోల బియ్యం సంచికి తువ్వాలు చుట్టి, చంకలో పెట్టుకుని పెరట్లో తిరుగుతున్నారట. దానికి ఒక ముక్కు కూడా కుట్టారట. “భయపడకు, భయపడకు” అని అంటున్నారట. ఆ మాట సంచికి చెబుతున్నారో, మీకు మీరు చెప్పుకుంటున్నారో తనకు అర్థం కాలేదట.

నాకు అర్థమైంది. పద్నాలుగో ప్రశ్నకు నిజం రాయండి.

కోడికి జబ్బు చేస్తే పట్టుకుని చూడాలి. కాలికి ముల్లు గుచ్చుకుంటే పట్టుకుని తీయాలి. పిల్లి వస్తే ఎత్తుకుని పరుగెత్తాలి. కోడిని ముట్టుకోలేనివాళ్ళకు కోళ్ళు ఇవ్వను. మీ గూడు ఎంత బాగున్నా ఇవ్వను. ఇంకా ఇరవై రోజులున్నాయి. కొట్టతను నిన్న బుట్ట తెచ్చి మా గుమ్మంలో పెట్టి పోయాడు, “ఉండనివ్వండమ్మా, అలవాటు పడతాయి” అని.

వదిన.

*

మా వంటగది బల్ల,
జులై 13.

ఈ రోజు పనులు రాయడం లేదు. ఏవీ సరిగా కాలేదు.

వదినగారికి,

14. లేదు.

నాకు ఏడేళ్ళప్పుడు మా అత్తయ్యవాళ్ళింట్లో పొదుగుతున్న కోడి కింద చెయ్యి పెట్టాను. ఎన్ని గుడ్లున్నాయో లెక్కపెడదామని. అప్పట్నుంచే నాకు ఈ లెక్కల పిచ్చి. అది ఎగిరి నా నెత్తి మీద కూర్చుంది. నేను పరుగెత్తాను. అది దిగలేదు. వీధి చివర మంగలి కొట్టు దాకా నా జుట్టు పట్టుకునే వచ్చింది. మంగలి, గడ్డం గీయించుకుంటున్న మనిషిని వదిలేసి, దాన్ని రెండు చేతులతో ఎత్తి కింద పెట్టి, “కటింగా పాపా?” అని అడిగాడు. ఆ తర్వాత నలభై మూడేళ్ళలో ఈకలున్న దేన్నీ నేను ముట్టుకోలేదు. మీ ప్రశ్నకు ఆ “అవును” రాయడానికి ఎంత సేపు కూర్చున్నానో చెబితే నమ్మరు. కోళ్ళు రాకపోతే అమ్మాయి మళ్ళీ బనియన్ల ముందు నిలబడుతుందన్న ఆలోచనతో రాశాను. తప్పే.

నిన్న మా వీధిలో చికెన్ కొట్టుకు వెళ్ళాను. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది.

“ఎంతమ్మా?”
“ఏమీ వద్దు. ఒకదాన్ని ముట్టుకుంటాను.”
“ముట్టుకుని?”
“వెళ్ళిపోతాను.”

వెనక ఎవరో “అలా కూడా ఇస్తారా?” అన్నారు. కొట్టతను మంచివాడు. ఒకదాన్ని రెక్కలు పట్టి నా ముందుకు తెచ్చాడు. తోక ఈక మీద చూపుడువేలు పెట్టాను. మూడు సెకన్లు. అతను పైకి లెక్కపెట్టాడు, వరసలో వాళ్ళు కూడా కలిశారు. సాక్ష్యంగా చీటీ రాయించుకుని అతని సంతకం తీసుకున్నాను, జతచేస్తున్నాను. ఈ రోజు మళ్ళీ వెళ్ళాను. తొమ్మిది సెకన్లు, అరచేయి. వెచ్చగా ఉంది. అంత వెచ్చగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

ప్రతిరోజూ వెళతాను. మీరు ఇవ్వనన్నా వెళతాను.

మీ వియ్యంకురాలు.

*

సామాన్ల మధ్య,
జులై 24.

వదినా,

“గారు” తీసేశాను. నెత్తి మీద కోడితో పరుగెత్తిన మనిషిని గారు అని పిలవడం నావల్ల కాదు.

చీటీలు ఎనిమిది అందాయి. ఆఖరిదాని మీద మీ కొట్టతను “రెండు చేతులతో, నిమిషం పైన, ఏడవలేదు” అని రాశాడు. దాన్ని గోడకు అంటించాను, ఖాళీ చేసేటప్పుడు మరిచిపోకుండా తీసుకెళ్ళాలి.

ఆదివారం సరుకుల ఆటోలో అయిదూ వస్తాయి. అమ్మాయి నాకు సర్దడానికి సాయం వచ్చింది కదా, ఆటో వెళ్ళాక మరో రెండు రోజులుండి వస్తుంది. కాబట్టి బుట్టలోంచి వాటిని తీసి గూట్లో పెట్టాల్సింది నువ్వే. వారం రోజులు ఆవరణ దాటనివ్వకు. ఇల్లు ఏదో వాటికి తెలియాలి.

మా కొట్టతని బుట్ట తిరిగి ఇచ్చేశాను. మంచినీళ్ళు ఇవ్వలేదు.

వదిన.

*

మా వంటగది బల్ల,
ఆగస్టు 5, సోమవారం.

వదినా,

నేనూ తీసేశాను. రెండుసార్లు కొట్టేసి రాయాల్సి వచ్చింది.

ఇరవై ఎనిమిదో తారీఖు ఆదివారం పదీ నలభైకి ఆటో వచ్చింది. మా ఆయన గేటు బయట నిలబడి “నేను ఆటో చూస్తాను” అన్నారు. ఆటో నిలబడే ఉంది, ఎక్కడికీ పోవడం లేదు. అయినా చూశారు.

గంగాళాన్ని ఎత్తాను. వదినా, బరువు రెండు కిలోలు కాదు, నా సాధనంతా తక్కువ తూకం మీద జరిగింది. అయినా పడెయ్యలేదు. గొణుగుడు చేతుల్లో ఉన్నంతసేపూ నా మీద నాకే ఫిర్యాదు చేసింది. నిద్రమొహం లేవలేదు. తోకపిల్ల తోక నా నోట్లోకి వచ్చింది. నాలుగూ గూట్లోకి వెళ్ళాయి. నాకు ఎంత గర్వం వచ్చిందంటే, గేటు వైపు చూసి మా ఆయనకు చెయ్యి ఊపాను.

అయిదోదాని కోసం బుట్టలో చెయ్యి పెట్టాను.

మూడు గాట్లు. రెండు ఎడమ మణికట్టు మీద, ఒకటి బొటనవేలి దగ్గర. అది బయటికి దూకి, పెరడంతా ఒక చూపు చూసి, తిన్నగా గేటు వైపు వెళ్ళింది. మా ఆయన ఆటో ఎక్కారు. డ్రైవరు కూడా ఎక్కాడు. మేష్టారు గోడ మీంచి “కుడివైపు, కుడివైపు!” అని అరిచారు, ఎవరికో తెలియదు. గేటు తెరిచి ఉంది. వీధిలోకి పోతే ఇక దొరకదు. నా పట్టిక బల్ల మీద ఉంది, దాన్ని చూసే టైము లేదు. ఏం చేశానో నాకే తెలియదు. నేల మీద బోర్లా పడి ఉన్నాను, రెండు చేతుల్లో కోడి ఉంది. అది అరుస్తోంది. నేనూ అరుస్తున్నాను. అలాగే లేచి గూట్లో పెట్టి తలుపు వేశాను. ఆ తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి పట్టికలో “అయిదు” అని రాసి టిక్కు పెట్టాను.

అమ్మాయి మంగళవారం వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా తొక్కల గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. ఇరవై నిమిషాలకు గాని లోపలికి రాలేదు. అది మాత్రం నీకు చెప్పాలి.

ఇక లెక్క. వారంలో గుడ్లు మూడు. చోటు మారితే కొన్నాళ్ళు పెట్టవని పుస్తకంలో ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇన్‌స్పెక్టరమ్మ పెట్టె వైపు కన్నెత్తి చూడదు. మిగతావాటిని తిననివ్వదు, ముందు తాను రుచి చూసి అవతలికి జరిగితేనే అవి తినాలి. మా అబ్బాయిని రెండుసార్లు, మా ఆయన్ని నాలుగుసార్లు పొడిచింది. ఆయన ఇప్పుడు బనియన్లు ఆరేయడానికి గొడుగు తీసుకుని వెళుతున్నారు. అయిదూ పెడతాయని నువ్వు ఒక్క ముక్కలో రాసిన జవాబు మళ్ళీ తీసి చదివాను. నాకు కాగితంలో చోటు చాలలేదు. నీకేం చాలలేదు?

వదిన.

*

మూడో అంతస్తు,
ఆగస్టు 9.

వదినా,

ధైర్యం చాలలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ గుడ్డు పెట్టి రెండేళ్ళయింది. ఎనిమిదేళ్ళ వయసు. నన్ను తప్ప అందరినీ పొడుస్తుంది, నన్ను వారానికి ఒక్కసారి పొడుస్తుంది. ఆ సంగతి రాస్తే నువ్వు నాలుగే తీసుకుంటావని దాచాను. నిన్ను పద్నాలుగో ప్రశ్న మీద అంత నిలదీసి, నేను చేసింది ఇది. మూడు గాట్ల మాట చదివి నాకు అన్నం సహించలేదు. నీకు నేను బాకీ పడ్డాను వదినా, ఎలా తీర్చాలో తెలియడం లేదు.

ఒకటే దారి కనిపిస్తోంది. ఆదివారం అదే ఆటో మీ వైపు వస్తుంది. ఇన్‌స్పెక్టరమ్మను వెనక్కి పంపెయ్యి. కొట్టతను ఇక్కడికి కూడా వచ్చాడు, మూడంతస్తులు ఎక్కి మరీ మంచినీళ్ళు అడిగాడు. అతనికి ఇచ్చేస్తాను. నా తప్పు నీ పెరట్లో పెట్టడం న్యాయం కాదు. మిగతా నాలుగూ మంచివి, నీ దగ్గరే ఉంచుకో. పంపేదీ లేనిదీ ఆదివారంలోపు ఆటో డ్రైవరుకు చెప్పు.

ఇక్కడ బాగానే ఉంది. గాలి బాగా వస్తుంది. నిన్న పొద్దున కూరగాయలు తరిగి, తొక్కలు తీసుకుని తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి విసిరేశాను. కింద ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. బట్టతల. తలెత్తి చూశాడు. నేను కూర్చుండిపోయాను. అలవాటు.

వదిన.

*

పెరటి మెట్టు మీద,
ఆగస్టు 11, ఆదివారం.

ఈ రోజు పనులు: వంట రెండు పూటలు. బట్టలు రెండు విడతలు. గూడు ఊడవడం. మా ఆయన గొడుగు కుట్టడం. గుడ్లు: రెండు.

వదినా,

నీ ఉత్తరం నిన్న చేరింది. చదివి, డ్రైవరుకు ఫోను చేసి ఆదివారం రమ్మన్నాను. మర్యాదగా ఒప్పుకుంటున్నాను, మొదట నా నిర్ణయం అదే. గుడ్డు లేదు, గాట్లు మాత్రం వస్తున్నాయి. ఏ పట్టికలో వేసి చూసినా ఇన్‌స్పెక్టరమ్మకు గడి లేదు.

నిన్న సాయంత్రం బుట్ట పక్కన పెట్టుకుని ఈ మెట్టు మీద కూర్చున్నాను. అవి గూట్లోకి వెళ్ళే వేళ. ఆమెను విడిగా పట్టుకోవాలి కాబట్టి అన్నీ లోపలికి వెళ్ళేదాకా ఆగాలి. ఇన్నాళ్ళూ నేను ఆరింటికి వచ్చి తలుపు వేసి లెక్కపెట్టి పోయాను గాని, అవి ఎలా వెళతాయో కూర్చుని చూడలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మంలో నిలబడింది. గంగాళం వెళ్ళింది. గొణుగుడు గొణుక్కుంటూ వెళ్ళింది. తోకపిల్ల వెళ్ళింది. నిద్రమొహం మట్టిలో పొర్లి అక్కడే నిద్రపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి తొంగి చూసింది. కర్ర మీద మూడే ఉన్నాయి. వెనక్కి వచ్చి ఆవరణంతా ఒక చుట్టు తిరిగి, నిద్రమొహాన్ని వెతికి పట్టి, నెత్తి మీద ఒక్కటి పొడిచి, ముందు నడిపించుకుంటూ తీసుకొచ్చింది. దాన్ని లోపలికి పంపి మళ్ళీ తొంగి చూసింది. నీళ్ళ గిన్నె దగ్గరికి వెళ్ళి చూసింది. దాణా గిన్నె దగ్గరికి వెళ్ళి చూసింది. అప్పుడు, అందరికన్నా ఆఖరున, తాను వెళ్ళింది.

వదినా, ఈ ఇంట్లో గ్యాసు కట్టేశారా, తలుపు గడియ వేశారా, అందరూ ఇంటికి చేరారా అని అన్నీ చూసుకుని ఆఖరున పడుకునేది నేనొక్కదాన్నే అనుకున్నాను. ముప్పై నాలుగేళ్ళుగా అలాగే అనుకుంటున్నాను.

అమ్మాయి ఎప్పుడొచ్చిందో నా వెనక నిలబడి ఉంది. “బుట్ట పట్టుకోనా అత్తయ్యా?” అంది. “ఎందుకు? నాకు డ్యూటీలో ఇంకో మనిషి దొరికింది” అన్నాను. అమ్మాయి నవ్విన నవ్వు నీకు మూడో అంతస్తు దాకా వినబడి ఉండాలి.

ఈ ఉదయం ఆటో వచ్చింది. ఖాళీగా పంపడం ఇష్టం లేక, మొదటి వారం మూడు గుడ్లూ, ఈ వారం నాలుగూ కలిపి డబ్బాలో ఊక పోసి పంపాను. ఒకటి ఆ బట్టతల ఆయనకు ఇవ్వు. వచ్చే నెల నువ్వే రా. తొక్కలు తెచ్చుకో.

పద్దులో ఆమె పేరుకు ఎదురుగా “గుడ్లు” గడి కొట్టేసి “పర్యవేక్షణ” అని రాశాను. మా ఆయన గొడుగు తీసుకునే పెరట్లోకి వెళతారు, ఆ ఏర్పాటు కొనసాగుతుంది. ఇప్పుడే, ఇది రాస్తుండగానే, ఆమె మెట్టు దగ్గరికి వచ్చి కాగితం కేసి చూసి, నా కాలి వేలి మీద చిన్నగా ఒక్కటి పొడిచి పోయింది. నన్నూ లెక్కలో వేసుకుంది.

కాబట్టి వదినా, ఆగస్టు తొమ్మిదిన నాకు పడ్డానని నువ్వు రాసుకున్న బాకీ, నేటితో చెల్లు.